అక్క వెతికిన చదువు, అవ్వ రాయించిన పత్రం

లా చదువులో 'ఎల్డర్ లా' అని ఒక శాఖ ఉందని, దాంట్లో ఎల్.ఎల్.ఎం. కూడా చేయొచ్చని మా ఇంట్లో మొదట కనిపెట్టింది అక్క. పాపిరెడ్డిపట్టి నుంచి రోజూ బస్సెక్కి అరూరు కోర్టుకు పోయి వకీలు పని చేసుకునే మనిషి. గట్టు తగాదాలు, చెక్కు కేసులు, మొగుడూ పెళ్ళాల జీవనాంశం కేసులు, ఇవే ఆమె రోజువారీ కూడు. కానీ ఐదారేళ్ళుగా ఆమె బల్ల ముందర వచ్చి కూర్చునేవాళ్ళలో నెరిసిన తలలు ఎక్కువైనాయి. వాళ్ళు చంకలో పెట్టుకొని తెచ్చే ప్లాస్టిక్ కవర్లో ఎప్పుడు చూసినా ఒకే రకం కాయితం ఉంటుందని అంటుంది. దానసెటిల్‌మెంటు పత్రం.

ఆంధ్రా వైపు ఉండే మన బంధువులకు ఇది కొంచెం విడమరిచి చెప్పాల. ఇక్కడ ఆస్తి పిల్లల పేరుకు మార్చడానికి రెండు దార్లు. ఒకటి ఉయిలు. మీరు వీలునామా అంటారే, అది. రాసినవాళ్ళు బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చింపి పారేయొచ్చు. రెండోది సెటిల్‌మెంటు. రిజిస్టరు అయిన రోజే ఆస్తి చేయి మారిపోతుంది, మనసు మారితే వెనక్కి తీసుకునే వీలు మామూలుగా ఉండదు. కుటుంబంలోనే రాసుకుంటే స్టాంపు ఖర్చు తక్కువ కాబట్టి, "రేపు మీరు పోయినాక మేం కోర్టులు తిరగాల్నా" అని పిల్లలు అడుగుతారు కాబట్టి, జనం సెటిల్‌మెంటుకే మొగ్గుతారు. పెద్దవాళ్ళు సంతోషంగానే వేలిముద్ర వేస్తారు. ఆ మధ్యాహ్నం అరూరులో అందరూ కలిసి హోటల్లో భోంచేసి వస్తారు కూడా. కవర్లో పెట్టుకొని అక్క దగ్గరికి వచ్చేది ఆ తర్వాత మూడు నాలుగేళ్ళకు.

మా ఊరి సంగతి మీకు తెలిసిందే. వెనక శేర్వరాయన్ కొండలు, వాణియారు నీళ్ళు, చెరకు, కర్రపెండలం, పసుపు. చదువుకున్న పిల్లలు బొమ్మిడిలో రైలెక్కో, ధర్మపురిలో బస్సెక్కో పోతారు. హొసూరు, బెంగళూరు, తిరుప్పూరు, చెన్నై. మేమూ అట్లా పోయినవాళ్ళమే. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తంలో 60 దాటినవాళ్ళు వందకు 8.6 మంది ఉంటే తమిళనాడులో 10.4 మంది. ఆ లెక్క పాతబడింది, ఇప్పుడు ఇంకా పెరిగే ఉంటుంది. మా వీధిలో లెక్క వేయడానికి జనాభా అధికారి అక్కర్లేదు. సాయంత్రం అరుగుల మీద చూస్తే చాలు.

సరే, చదువు సంగతి. అక్క బెంగళూరులో ఎల్.ఎల్.బి. చేసింది, నాన్న ఉద్యోగం అక్కడే కాబట్టి. తర్వాత మేనత్త కొడుకును చేసుకొని మళ్ళీ ఊరికే వచ్చింది. ఇద్దరు పిల్లలు, అత్తమామలు, కోర్టు. ఇవన్నీ వదిలి రెండేళ్ళు చెన్నైలో హాస్టల్లో ఉండి చదవడం అయ్యే పని కాదు. అందుకని ఆన్‌లైన్‌లో ఏముందో చూడమని మాకు చెప్పింది. మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వెబ్‌సైటులో ఏ మాట నిజం, ఏది అలంకారం అని గిచ్చి చూడడం మాకు అలవాటు. రెండు నెలలు శని ఆదివారాలు ఆ పనే పెట్టుకున్నాము.

మొదట తేలింది ఏమంటే, మన దేశంలో ఈ దారి దాదాపు మూసే ఉంది. యూజీసీ 2020లో తెచ్చిన నిబంధనల్లో దూరవిద్యగానూ ఆన్‌లైన్‌లోనూ నేర్పకూడని చదువుల పట్టీ ఒకటి ఉంది. వైద్యం, ఇంజనీరింగ్, నర్సింగ్ పక్కన లా కూడా ఉంది. బార్ కౌన్సిల్ 2025లో మళ్ళీ గట్టిగా చెప్పింది, తమ అనుమతి లేకుండా ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో ఇచ్చే ఎల్.ఎల్.ఎం.లు చెల్లవని. అయినా ప్రకటనలకు కొదవ లేదు. "ఇంట్లో కూర్చొని లా మాస్టర్స్" అని పెద్ద అక్షరాలతో వేసి, కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో డిగ్రీ పేరు వేరేగా రాసినవి మాకు చాలా కనబడినాయి. డిగ్రీ పేరులో 'లా' అని ఉంటే సరిపోదు, ఆ మాట పక్కన ఏముందో చూడాల. ఇంట్లో ఎవరైనా ఇట్లాంటిది కడతామంటే ఫీజు కట్టే ముందు మాకు ఒక మాట చెప్పండి.

డిగ్రీ వద్దు, డిప్లమా చాలు అనుకుంటే దార్లు లేకపోలేదు. బెంగళూరు నేషనల్ లా స్కూల్ దూరవిద్యలో మానవ హక్కుల మీద, వైద్య చట్టం మీద, పిల్లల హక్కుల మీద పీజీ డిప్లమాలు నడిపింది. పిల్లల హక్కుల పేరు చూడగానే అక్క నవ్వింది. "పుట్టినవాళ్ళకు ఉండాది, పోయేవాళ్ళకు లేదు" అనింది. ముసలివాళ్ళ చట్టం మీద ప్రత్యేకంగా ఒక్కటి కూడా మా కంటికి కనబడలేదు.

అమెరికాలో కనబడింది. ఫ్లోరిడాలో గల్ఫ్‌పోర్టు అనే ఊళ్ళో స్టెట్‌సన్ యూనివర్సిటీ లా కాలేజీ ఉంది. 1900లో మొదలైన కాలేజీ. ఉద్యోగాలు మానుకొని ఫ్లోరిడాకు చేరే ముసలివాళ్ళు ఆ రాష్ట్రం నిండా ఉంటారు కాబట్టి కాబోలు, వాళ్ళు ఎల్డర్ లాలో ఎల్.ఎల్.ఎం. పెట్టి దాన్ని ఆన్‌లైన్‌లోనే నడిపినారు. లా డిగ్రీ ముందే ఉన్నవాళ్ళకే. అమెరికాలో ఈ పని చేసే వకీళ్ళకు ఒక జాతీయ సంఘం 1987 నుంచి ఉందంటే, అక్కడ ఇది ఎంత పాత సంగతో చూడండి. మన దేశంలో తల్లిదండ్రుల పోషణ చట్టం పుట్టడానికి ఇంకా ఇరవై ఏళ్ళ ముందు మాట అది.

ఎండాకాలంలో ఫ్లోరిడాలో సాయంత్రం ఏడంటే మనకు తెల్లారి నాలుగున్నర. అక్క ఆ టైముకు ఎట్లాగూ లేస్తుంది, పాలు పిండే ఇల్లు. టైము అడ్డం కాలేదు. డాలర్ల ఫీజును రూపాయల్లోకి మార్చి చూసినాక మాత్రం ఇద్దరమూ లాప్‌టాప్ మూసి టీ తాగినాము.

కానీ వాళ్ళు నేర్పే విషయాల పట్టీని అక్క ప్రింటు తీసి పెట్టుకొంది. ఒక్కొక్కటి మన చట్టంతో పోల్చి చూడడం మొదలుపెట్టింది. మాకు ఆ రోజుల్లో ఫోను చేస్తే క్షేమసమాచారాలు ఉండేవి కావు, ఇదే గొడవ. దాంట్లో రెండు సంగతులు మాకు బాగా పట్టుకున్నాయి.

మొదటిది పవర్ ఆఫ్ అటార్నీ. మన ఊళ్ళో అందరూ "పవర్" అంటారే, అది. నాన్నకు చేతకాకుండా పోతే బ్యాంకు పనులు, భూమి పనులు చూసుకోవడానికి పవర్ రాయించుకున్నాము కదా, ఇంక ఏం భయం అని చాలామంది అనుకుంటారు. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. దాంట్లో 201వ సెక్షన్ ప్రకారం పవర్ ఇచ్చిన మనిషి చనిపోయినా, మతి తప్పినా ఆ పవర్ అక్కడితో ఆగిపోతుంది. అంటే మనిషికి మతిమరుపు రోగం ముదిరి ఎవరినీ గుర్తుపట్టని రోజున, పవర్ నిజంగా కావలసిన రోజున, అది చెల్లదు. అమెరికాలో మతి తప్పినాక కూడా చెల్లే పవర్ వేరేగా రాసుకోవచ్చు, డ్యూరబుల్ అంటారు. మన దగ్గర హైకోర్టుకు పోయి గార్డియన్‌గా వేయమని అడగాల. ఈ ఒక్క సంగతి చెప్పడానికే మా వీధిలో నలుగురిని కూర్చోబెట్టాలని అక్క అంటుంది.

రెండోది ఇంకా వింత. అమెరికాలో ముసలాయన నర్సింగ్ హోముకు పోయి, ఖర్చు ప్రభుత్వాన్ని భరించమని మెడికెయిడ్‌కు అర్జీ పెడితే, వాళ్ళు వెనక ఐదేళ్ళ లెక్కలు చూస్తారు. ఆ లోపల ఇల్లు, డబ్బు పిల్లలకు ఊరికే రాసిచ్చి ఉంటే సాయం కొంతకాలం నిలిపేస్తారు. అక్కడ ఆస్తి పిల్లలకు ఇస్తే ప్రభుత్వం ఎందుకిచ్చినావని అడుగుతుంది. ఇక్కడ ఆస్తి ఇచ్చి మోసపోయి పోతే, ఇచ్చేటప్పుడు షరతు పెట్టినావా అని అడుగుతుంది. పెద్దవాళ్ళను చూసుకునే భారం అక్కడ ప్రభుత్వం మీద, ఇక్కడ కొడుకు మీద. రెండు చోట్లా ప్రశ్న మాత్రం ముసలాయనకే.

ఆ షరతు దగ్గరే మన కథంతా ఉంది.

2007 చట్టం పూర్తి పేరు తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. 60 దాటినవాళ్ళు తమ పిల్లల మీద ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయలకు మించకుండా పోషణ ఖర్చు ఇప్పించొచ్చు. నోటీసు పోయినాక 90 రోజుల్లో తేల్చాల, తప్పదంటే ఇంకో 30 రోజులు. ఆ పదివేల పరిమితి ఎత్తేయాలని 2019లో ఒక సవరణ బిల్లు పెట్టినారు, అది పాసు కాకుండానే పోయింది. పెద్దవాళ్ళను కావాలని వదిలేసి పోతే మూడు నెలల దాకా జైలు కూడా ఉంది. ఎవరికైనా అవసరం పడితే 14567 అని పెద్దల సహాయ ఫోను నంబరు ఉంది, రాసి పెట్టుకోండి.

ఇదే చట్టంలో 17వ సెక్షన్ చదివి మేము నవ్వు ఆపుకోలేకపోయినాము. ట్రిబ్యునల్ ముందర ఎవరి తరఫునా వకీలు వాదించకూడదు. మా అక్క ఫ్లోరిడా దాకా వెతికి చదవాలనుకున్న చట్టంలో ఆమెకు కుర్చీయే లేదు! ముసలివాళ్ళకు వకీలు ఖర్చు ఉండకూడదని, కేసు సాగదీయకూడదని మంచి ఉద్దేశంతోనే పెట్టినారు. కేరళ హైకోర్టు 2021లో అడ్వకేట్ల చట్టం ముందర ఇది నిలవదని చెప్పింది కాబట్టి ఈ వాదం ఇంకా నడుస్తానే ఉంది. అక్క దీనికి కుంగిపోలేదు. "కేసు దాకా పోయినాక వకీలు చేసేది తక్కువే. పత్రం రాసేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాల" అనింది.

ఎందుకంటే 23వ సెక్షన్. చట్టం అమలుకు వచ్చినాక ఒక వృద్ధుడు, తనను చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్ళు చూసుకోకపోతే, ఆ పత్రం మోసంతోనో ఒత్తిడితోనో రాయించుకున్నట్లు లెక్క. ఇచ్చినవాళ్ళు కోరితే ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయొచ్చు. మా టెస్టింగ్ భాషలో అయితే ఇది 'ఇట్లయితే అట్ల' అనే మాట. ఇట్లయితే అనే ముక్క పత్రంలో ఉందా లేదా? 2022 డిసెంబర్లో సుప్రీంకోర్టు, షరతు ఉన్నట్లు చూపించకపోతే రద్దు కుదరదు అనింది. 2025 జనవరిలో అదే కోర్టులో ఇంకో బెంచి, ఇది ముసలివాళ్ళ మేలు కోసం తెచ్చిన చట్టం కాబట్టి ఉదారంగా చదవాలనింది. ఆ మార్చిలో మద్రాసు హైకోర్టు నాగపట్నం వైపు ఒక ముసలమ్మ కేసులో, ప్రేమతో రాసిచ్చినప్పుడు చూసుకుంటారనే షరతు దాంట్లోనే ఇమిడి ఉంది, వేరేగా రాయకపోయినా ఫరవాలేదు అనింది. ఆమె కొడుక్కు రాసిచ్చింది. కొడుకు పోయినాక కోడలు చూసుకోలేదు.

ఒకే సెక్షన్‌కు ఒక్కో కోర్టులో ఒక్కో జవాబు వస్తా ఉంటే తెలివైనవాడు ఏం చేస్తాడు? ఆ ఒక్క వాక్యం పత్రంలో రాసేస్తాడు. రాస్తే ఏ బెంచి ముందర పడినా ఒకటే జవాబు.

మా ఇంట్లో అది ఎంత కష్టమైందో ఇప్పుడు చెప్తాము.

అవ్వ పేరున బావితో సహా ఎకరా నలభై సెంట్లు ఉంది. చిన్నాన్నే దాన్ని సేద్యం చేస్తా ఉన్నాడు, అవ్వ ఆయన దగ్గరే ఉంటుంది. పోయిన సంక్రాంతికి అందరూ చేరినప్పుడు, దాన్ని చిన్నాన్నకు సెటిల్‌మెంటు చేస్తానని అవ్వ చెప్పింది. ఎవరికీ అభ్యంతరం లేదు, అది న్యాయమే. అక్క మాత్రం, రెండు మాటలు చేర్చి రాయిద్దాము అనింది. ఒకటి, అవ్వ బతికున్నంత కాలం భూమి అనుభవించే హక్కు ఆమెకే. రెండు, చిన్నాన్న ఆమెకు తిండి, బట్ట, వైద్యం చూసుకోవాలనే షరతు మీద ఇస్తున్నది.

ఇంట్లో మాట ఆగిపోయింది. చిన్నమ్మ వంటింట్లోకి పోయింది. అవ్వ అక్కను చూసి, "నా కొడుకు నాకు కూడు పెట్టడని కాయితం మీద రాస్తావా? అది ఊరంతా చదవాల్నా?" అనింది. చిన్నాన్న ఏమీ అనకుండా చెప్పులేసుకొని బావి దగ్గరికి పోయినాడు. ఆ మనిషి పదకొండేళ్ళుగా అవ్వ కాళ్ళకు నూనె రాసి పండుకోబెట్టేవాడు. ఆయనకు ఎట్లుంటుంది? అక్క మాట న్యాయమే, అవ్వ కోపమూ న్యాయమే. ఇట్లాంటి చోట ఏం మాట్లాడాలనేది ఏ ఎల్.ఎల్.ఎం.లో నేర్పుతారో మాకు తెలీదు.

నెల దాకా చిన్నాన్న అక్కతో మాట్లాడలేదు. అక్క కూడా తగ్గలేదు. ఆమె చేసిందల్లా ఒకటే. చట్టాన్ని అవ్వకు మన మాటల్లో చదివి వినిపించింది. ఇది చెప్పినంత తేలిక కాదు. అక్కకూ మాకూ బడి చదువు కన్నడంలో. చట్టం అచ్చు ఇంగ్లీషులో. పత్రం తమిళంలో. అవ్వ తెలుగులో తప్ప కోపం తెచ్చుకోదు. మాకు తెలుగు చదవడం వచ్చిందే పెద్దయినాక, కన్నడ అక్షరాల పోలిక పట్టుకొని. ఇంగ్లీషులో మెయింటెనెన్స్ అనే మాటకు కన్నడంలో జీవనాంశ అంటారు, బతుకులో ఒక వాటా అన్నట్లు. తెలుగు కోర్టుల్లో మనోవర్తి అంటారు, అది మొగుణ్ణి వదిలిన ఆడవాళ్ళకే అని అవ్వ నమ్మకం. తమిళంలో పరామరిప్పు. అవ్వకు తమిళం బాగానే వచ్చు, అయినా ఆ మాట వినగానే "పరామర్శకా? ఎవరు పోయినారు?" అని అక్కను ఆట పట్టించింది. నెలలో ఆమె నవ్వింది అప్పుడే. చివరికి 'సాకడం' అనే మాట దగ్గర ఇద్దరూ ఆగినారు. బిడ్డను సాకినట్లు, గొడ్డును సాకినట్లు. "నేను వాణ్ణి సాకినా, వాడు నన్ను సాకతా ఉన్నాడు" అనింది అవ్వ. అక్క, "అదే రాద్దాము అవ్వా, అంతకు మించి ఒక్క ముక్క వద్దు" అనింది.

పత్రంలో ఆ వాక్యం చిన్నాన్న మీద అనుమానంగా కాకుండా, జరిగినదానికి సాక్ష్యంగా వచ్చేట్టు అక్క రాసింది. ఇన్నేళ్ళుగా నన్ను నా కొడుకు చూసుకుంటున్నాడు, ఇక మీదటా నా ఆయుష్షు ఉన్నంత వరకు తిండి, బట్ట, వైద్యం ఇచ్చి చూసుకోవాలనే షరతు మీద ఈ ఆస్తి ఇస్తున్నాను అని. చట్టానికి కావలసిన షరతు అనే మాట ఉంది. చిన్నాన్న పేరుకు గౌరవమూ ఉంది. పత్రాలు రాసేఆయన తమిళంలో గట్టిగా చదివి వినిపిస్తా ఉంటే చిన్నాన్న మధ్యలో ఆపి, "కంటి ఆపరేషన్ కూడా రాయండి, ఈ యేడు చేయించాల" అన్నాడు. రాసేఆయన, వైద్యం అంటే అన్నీ వస్తాయని చెప్పినా వినలేదు. రాయించినాడు.

అక్క ఇప్పుడు ఫ్లోరిడా మాట ఎత్తడం లేదు, అట్లని చదువు మాననూ లేదు. వకీలు పనికి ఎల్.ఎల్.బి. చాలు, ఎల్.ఎల్.ఎం. లేకపోతే కోర్టులో ఎవరూ తోసేయరు. పిల్లలు కొంచెం ఎదిగినాక చెన్నైలో రెగ్యులర్‌గా చేస్తానంటుంది, ఆ ప్రింటు తీసిన పట్టీ ఇంకా ఆమె ఫైల్లోనే ఉంది. దాంట్లో పవర్ సంగతి, గార్డియన్ సంగతి, వెంటిలేటర్ వద్దని ముందే రాసిపెట్టుకునే కాయితం సంగతి మూడింటి పక్కన ఎర్ర సిరాతో గుర్తులు పెట్టింది. ఆ మూడో కాయితం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పి, 2023లో దాన్ని రాసుకునే పద్ధతి కొంచెం సులువు చేసింది. ఇప్పుడు నోటరీ ముందర రాసుకుంటే చాలు. ఈ సంగతి అవ్వకు ఎట్లా చెప్పాలనేది ఇంకా తేలలేదు. కంటి ఆపరేషన్ కానీ, తర్వాత చూద్దామంటుంది చిన్నమ్మ.